కాంగో పాటల్లో ప్రేమ విరిగితే ఏడుపూ ఆటా ఒకే పాటలో ఎందుకుంటాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో మీతో కలిసి చదువుతున్న, కాంగో రాజధాని కిన్షాసా నుంచి వచ్చిన అబ్బాయిని ప్రేమించిన అమ్మాయి వదిలేసి, అక్కడ ఇంకొకర్ని పెళ్లి చేసుకుంది. వారం రోజులుగా అతను గదిలో వాళ్ల భాష లింగాలాలో ఉన్న ఒకే పాట మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. పాట మొదటి సగంలో కళ్లు తుడుచుకుంటాడు, రెండో సగంలో లేచి నడుం ఊపుతాడు. అంత బాధలో ఆ డాన్స్ ఏమిటి, ఆ పాటల్లో ఏముంది, మీరతనికి ఏం చెప్పాలి అని అడిగారు.

నేను 2004 నుంచి 2018 దాకా కిన్షాసాలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో అకౌంట్స్ చూశాను. ఫ్రెంచి ఆఫీసు పనితో వచ్చింది. లింగాలా మాత్రం పాటల్లోంచే వచ్చింది. పొద్దున్నే ఎక్కే పాత మెర్సిడెస్ 207 టాక్సీబస్సులో పాట, దుకాణం గోడౌన్‌లో రేడియో పాట, రాత్రి మా వీధి చివర న్గాండాలో పాట. న్గాండా అంటే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, చల్లటి ప్రిముస్ బీరు, ఆకులో చుట్టి కాల్చిన చేప ఉండే చిన్న బారు. మా స్టోర్‌కీపర్ నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. అందరిలాగే నేనూ ఆయన్ని పాపా అనే పిలిచేవాణ్ణి. లెక్కలు సరిచూసుకునే వేళ నేను ఏదో ఒక మాటకి అర్థం అడిగేవాణ్ణి, ఆయన పెన్ను పక్కన పెట్టి పాట మొత్తం చెప్పేవాడు. మధ్యలో "ఇప్పుడు వాళ్లమ్మని పిలుస్తున్నాడు చూడు", "ఇప్పుడు డబ్బు సంగతి వచ్చింది చూడు" అనేవాడు. నాకు సంగీత శాస్త్రం తెలియదు. ఆయన దగ్గర విన్నదీ, పద్నాలుగేళ్లు కళ్లారా చూసిందీ చెబుతాను.

మనకి ప్రేమ విఫలమైన పాట అంటే మనిషి ఒంటరిగా ఉంటాడు. చీకటి, వాన, ఎవరూ లేని రోడ్డు. లింగాలా పాటలో మోసపోయిన మనిషి ఒంటరిగా ఉండడు. రచ్చబండ దగ్గర నలుగురినీ కూర్చోబెట్టి తన గోడు చెప్పుకుంటున్నట్టుంటుంది. ఎవరు మోసం చేశారో పేరు పెట్టి చెబుతాడు. తానేం ఖర్చు పెట్టాడో చెబుతాడు. ఆమె ఏ మాట ఇచ్చిందో, ఎవరి ఎదుట ఇచ్చిందో చెబుతాడు. మీ అమ్మని అడుగు, మీ పెద్దమ్మని అడుగు అంటాడు. "నసాలి నిని", అంటే నేనేం చేశాను అని అడుగుతాడు. అది తనలో తాను గొణుక్కునే మాట కాదు, ఎదుట కూర్చున్నవాళ్లు విని తీర్పు చెప్పాలని అడిగే మాట. కోరస్ గొంతులు ఆ నలుగురివే. అందుకే కోరస్ ఒక్కోసారి అతని మాటనే తిరిగి అంటుంది, ఒక్కోసారి అతన్ని ఓదారుస్తుంది, ఒక్కోసారి ఎదుటి మనిషిని నిలదీస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మాటల దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే సగం బాధ ఆ మాటల్లోనే ఉంది. ప్రేమని బొలింగో అంటారు. అది కొలింగా అనే క్రియ నుంచి వచ్చింది. ఆ క్రియకి ప్రేమించడం అనీ అర్థమే, కావాలనుకోవడం అనీ అర్థమే. "నలింగి యో" అంటే నిన్ను ప్రేమిస్తున్నాను. "నలింగి మాయి" అంటే నాకు నీళ్లు కావాలి. దాహానికీ ప్రేమకీ ఒకటే మాట ఉన్న భాషలో ప్రేమ పోయిందంటే దాహం తీరలేదని చెప్పినట్టే. గుండె మొటెమా. గుండె పొడుగ్గా ఉంది అంటే, అంటే మొటెమా మొలాయి అంటే, ఓర్పు. గుండె పైకెక్కింది అంటే, మొటెమా లికొలో అంటే, గుబులు. మనం గుండె గొంతులోకొచ్చింది అంటాం కదా, దాదాపు అదే. పాసి అంటే నొప్పి, మావా అంటే దుఃఖం, లొకుటా అంటే అబద్ధం, జువా అంటే అసూయ. ఈ నాలుగూ వినబడని పాట అరుదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఎంబాండా. దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఉంది, సవతి. ఇంగ్లిష్ అనువాదాల్లో దీన్ని ప్రత్యర్థి అన్నట్టు రాస్తారు, అందుకే మీకు పాట సగం చప్పగా అనిపించి ఉంటుంది. సవతి అనే మాటలో ఉన్న మంట, సంసారం, పిల్లల బెంగ, పక్కింటివాళ్ల చూపు, ఇవన్నీ ఎంబాండాలో ఉన్నాయి. అక్కడ 1987 నాటి కుటుంబ చట్టం ఒకరికి ఇద్దరు భార్యల్ని ఒప్పుకోదు. కానీ రెండో సంసారాలు ఉన్నాయి. దానికి ఫ్రెంచిలో ఒక మాట పుట్టించుకున్నారు, దెజియెమ్ బ్యూరో, అంటే రెండో ఆఫీసు. సాయంత్రం ఆఫీసులో పనుందని చెప్పి మొగుడు వెళ్లే చోటు. మనవాళ్లు చిన్నిల్లు అన్నదే. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు పాపా నాకు వివరించబోయాడు. అక్కర్లేదు, మా ఊళ్లోనూ ఉందన్నాను.

ఈ పాటల్లో ఇంత మోసం, ఇంత అనుమానం ఎందుకు అన్నది నన్ను చాలా ఏళ్లు వేధించింది. కొంత జవాబు ఆ ఊరి పుట్టుకలో ఉంది. బెల్జియం పాలనలో అప్పటి లియోపోల్డ్‌విల్‌కి, అంటే ఇప్పటి కిన్షాసాకి, ముందు మగవాళ్లనే కూలికి రప్పించారు. పట్నంలో ఆడవాళ్లు చాలా తక్కువ. పల్లెలో పెళ్లి అంటే రెండు వంశాల ఒప్పందం, పెద్దల కాపలా. పట్నంలో ఆ కాపలా లేదు, జీతం మాత్రం ఉంది. మొగుడు లేకుండా పట్నంలో సొంతంగా బతికే ఆడవాళ్ల మీద బెల్జియన్ ప్రభుత్వం పన్ను కూడా వేసింది. ఒంటరిగా బతకడానికే పన్ను కట్టించుకుంటే ఆ ఆడమనిషిని ఊరు ఏ చూపు చూస్తుందో ఆలోచించండి. ప్రేమ, డబ్బు, అనుమానం మూడూ ఒకే చోట కలిసి పెరిగాయి. బార్లలో గిటార్లు కూడా అదే కాలంలో వచ్చాయి. 1930లనుంచి క్యూబా సంగీతం గ్రామఫోను రికార్డుల మీద అక్కడికి చేరింది. వాళ్ల పూర్వీకుల్ని బానిసలుగా ఎత్తుకెళ్లిన దారిలోనే ఆ తాళాలు తిరిగి ఇల్లు చేరాయి. దాన్ని వాళ్లు లింగాలా మాటలతో తమది చేసుకున్నారు. అదే కాంగో రుంబా. 2021 డిసెంబరులో రెండు కాంగో దేశాల (ఒకదాని రాజధాని కిన్షాసా, రెండోదాని రాజధాని బ్రాజావిల్) పేరుతో కలిపి యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త వచ్చేటప్పటికి నేను ఇండియా వచ్చేశాను. పాపాకి ఫోన్ చేస్తే, ఇన్నాళ్లూ మా ఏడుపు మాకే వినిపించింది, ఇప్పుడు అందరికీ వినిపించింది అన్నాడు.

పాత పాటల్లో గాయకుడు వెండో కొలొసోయ్, గిటారిస్టు ఆన్రీ బొవాన్ కలిసి 1948లో రికార్డు చేసిన మరీ లూయీజ్ తప్పక వినండి. వెండో నది మీద పడవల్లో మెకానిక్కుగా పనిచేసినవాడు. అది ద్రోహం పాట కాదు, ఒక అమ్మాయి వెంటపడ్డ పాట. అయినా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన దాదాపు అన్నిటికీ మూసలు అందులోనే ఉన్నాయి. ఆడమనిషి పేరే పాట పేరు, పాడేవాడితో మాటలు కలిపే స్నేహితుడు, నెమ్మదిగా మొదలై గిటారు వేడెక్కే నడక. అర్ధరాత్రి ఆ పాట వాయిస్తే చచ్చినవాళ్లు లేచి వస్తారని జనం చెప్పుకున్నారు. చర్చివాళ్లకి అది నచ్చలేదు. ప్రేమ పాటకి చావుని కదిలించే బలం ఉందని ఒక ఊరు ఊరంతా నమ్మిందంటే, ఆ పాటల్ని వాళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలుస్తుంది.

ఇక ఫ్రాంకో. పూర్తి పేరు ఫ్రాంకో లువాంబో మకియాదీ, 1938లో పుట్టాడు, 1956లో మొదలైన ఓకే జాజ్ బృందానికి ప్రాణం. 1989 అక్టోబరులో బెల్జియంలో చనిపోతే దేశమంతా నాలుగు రోజులు సంతాపం ప్రకటించారు. రచ్చబండ అన్నానే, ఆ రచ్చబండకి పెద్దమనిషి ఈయనే. పాట మధ్యలో పాడటం ఆపేసి మాట్లాడతాడు, నిలదీస్తాడు. 1984 నాటి మామూ పాటలో మొగుడు దూరదేశంలో ఉండగా మామూ దారి తప్పింది. ఆ నింద తన మీదకి వచ్చిన స్నేహితురాలు ఆమెతో జగడానికి దిగుతుంది. ఇక్కడ ద్రోహం మొగుడికి మాత్రమే కాదు, స్నేహానికి కూడా. ఆ స్నేహితురాలి మాటలు పాడింది మదీలు సిస్టమ్ అనే మగ గాయకుడు. మీకు వింతగా ఉంటుందేమో గానీ మనకిది కొత్త కాదు. మువ్వ గోపాలుడి మీద అలిగిన ఆడవాళ్ల మాటలన్నీ క్షేత్రయ్య రాసినవే కదా.

1985లో మారియో వచ్చింది. నా దృష్టిలో మోసం మీద ఇంతకంటే సూటిగా వచ్చిన పాట లేదు. మారియో చదువుకున్న కుర్రవాడు, డిగ్రీలున్నాయి. పని చెయ్యడు. తనకంటే పెద్దదీ డబ్బున్నదీ అయిన ఆమె ఇంట్లో ఉంటాడు, ఆమె తిండి తింటాడు, ఆమె కారు తోలతాడు, ఆపైన ఆమె మీదే అసూయపడి గొడవ చేస్తాడు. చివరికి ఆమె విసిగిపోయి నీ దారి నువ్వు చూసుకో అంటుంది. పది నిమిషాలు దాటే ఆ పాట ఎంత లోతుగా పాకిందంటే, కిన్షాసాలో ఆడవాళ్ల సంపాదన మీద బతికే కుర్రవాణ్ణి ఇప్పటికీ మారియో అనే అంటారు. తర్వాత మారియో తరఫున జవాబు పాట కూడా వచ్చింది. పంచాయితీ అన్నాక రెండో పక్షం వాదన కూడా వినాలి మరి.

ఫ్రాంకో అంటే నాకు ప్రాణం, కానీ ఒక మాట దాచను. ఆయన పాటల్లో చాలా వాటిలో తప్పంతా ఆడవాళ్లదే అవుతుంది. డబ్బాశ, అబద్ధం, తిరుగుడు అన్నీ వాళ్లకే అంటగట్టిన పాటలు ఉన్నాయి. కొన్ని మరీ అసభ్యంగా ఉన్నాయని 1978లో ఆయన్ని జైల్లో కూడా పెట్టారు. మా దుకాణంలో పనిచేసే ఆడవాళ్లు ఆయన పాటలకి డాన్స్ చేసేవాళ్లు, అదే నోటితో ఆయన్ని తిట్టేవాళ్లు కూడా. ఆ తిట్లు విన్నాకే నేను ఆ పాటల్ని సరిగ్గా విన్నాననిపించింది. మీరు కూడా ఒక పాట విని కాంగో ఆడవాళ్లు ఇలా, కాంగో మగవాళ్లు అలా అని అనుకోకండి. అది ఒక పక్షం వాదన, అంతే.

రెండో పక్షం వాదన వినాలంటే ఎంబిలియా బెల్ అనే గాయని దగ్గరికి రావాలి. ఆమె 1980ల మొదట్లో తాబు లే రోషెరో నడిపే ఆఫ్రిజా బృందంలో చేరింది. తాబు లే అంటే ఫ్రాంకోకి సరిజోడు, 1970లోనే పారిస్‌లోని ఒలింపియా హాల్లో కచేరీ చేసిన మనిషి, గొంతు పట్టులా ఉంటుంది. 1982లో ఎంబిలియా బెల్ పాడిన ఎంపెవె యా లోంగో ఆమెకి పేరు తెచ్చింది. ఆ పేరుకి కికోంగో భాషలో పరిశుద్ధాత్మ అని అర్థం. పాటలో మాట్లాడేది మొగుడు వదిలేసిన ఆడమనిషి. పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకుంటోంది. అరుపుల్లేవు, శాపాల్లేవు. ఆ గొంతు సన్నగా, తిన్నగా వెళుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఈ పాట గురించి నాకు చెప్పుకోవాల్సిన జ్ఞాపకం ఒకటుంది. మా దుకాణంలో క్యాషియర్‌గా ఒకావిడ ఉండేది. మామా అని పిలిచేవాళ్లం. భర్త పోటోకి, అంటే యూరప్‌కి, వెళ్లాడు. కాగితాలు రాగానే నిన్నూ పిల్లల్నీ తీసుకెళతానన్నాడు. మొదట్లో డబ్బు వచ్చేది, తర్వాత ఫోన్లు వచ్చేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. అక్కడ ఇంకో సంసారం ఉందని ఎవరో వచ్చి చెప్పారు. నేను చేరేటప్పటికి అతను వెళ్లి తొమ్మిదేళ్లయింది. రేడియోలో ఎంపెవె యా లోంగో వస్తే ఆ కౌంటర్ దగ్గర ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. డబ్బులు లెక్కపెట్టే చప్పుడు ఒక్కటే వినబడేది.

ఒక ఏడాది డిసెంబరు చివర్లో దుకాణం పార్టీ జరిగింది. చిన్న బృందాన్ని పిలిచారు. పాటలు ఎవరికి కావలసినవి వాళ్లు అడుగుతున్నారు. ఆవిడ లేచి ఈ పాటే అడిగింది. నాకు భయమేసింది, అందరి ముందూ ఏడుస్తుందేమో అని. మొదటి సగమంతా ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, కింద చూస్తూ కూర్చుంది. కన్నీళ్లు బ్యాగు మీద పడుతున్నాయి. గిటార్లు మారాయి. గోడౌన్‌లో పనిచేసే ఇద్దరు పెద్దావిడలు వచ్చి బ్యాగు తీసి కుర్చీలో పెట్టి, చేతులు పట్టుకుని లేపారు. ఆవిడ చుట్టూ వలయం కట్టారు. ఆవిడ కళ్లు మూసుకుని ఆడింది. మాలో ఒకడు ఆవిడ నుదుటి మీద కాంగో ఫ్రాంకుల నోటు అంటించాడు, బాగా పాడినవాళ్లకీ ఆడినవాళ్లకీ అలా అంటించడం అక్కడి గౌరవం. పాపా నా పక్కనే ఉన్నాడు. "ఆవిడ చెప్పింది, మనం విన్నాం" అన్నాడు నెమ్మదిగా.

మీరడిగిన రెండో సగం డాన్స్ అదే. దాన్ని సెబెనే అంటారు. రుంబా పాట నెమ్మదిగా మొదలవుతుంది, మాటలన్నీ ఆ భాగంలోనే. తర్వాత ఒకచోట గాయకులు పక్కకి తప్పుకుంటారు, గిటార్లు ముందుకొస్తాయి. ఒక గిటారు చిన్న చిన్న ముక్కలు పదేపదే వాయిస్తుంది, రెండోది ఆ ఖాళీల్లోకి తన ముక్కలు అల్లుతుంది, మూడోది తాళం పట్టి ఉంచుతుంది, కింద బాస్ నడుస్తుంది. ఈ అల్లిక నిమిషాల తరబడి సాగుతుంది. 1969లో మొదలైన జైకో లంగా లంగా అనే బృందం తరంవాళ్లు బాకాలు పక్కన పెట్టి, డ్రమ్ములు పెంచి, ఈ భాగాన్ని ఇంకా వేడెక్కించారు. 1980ల నుంచి మధ్యలో కేకలు వేసి ఆడేవాళ్లని ఉత్సాహపరిచే అటలాకులు వచ్చారు. మాటలు అర్థం కాని మనకి పాటంటే ఈ భాగమే చెవికెక్కుతుంది. అందుకే హుషారు పాట అనుకుంటాం.

సెబెనే బాధని కప్పిపెట్టే ముసుగని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. మాతాంగాకి వెళ్లి చూడాలి. మాతాంగా అంటే చావు ఇంటి దగ్గర రాత్రంతా మేలుకుని ఉండటం. వీధిలో షామియానా వేస్తారు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు, ఏడుపు, పాటలు, డాన్స్ అన్నీ అక్కడే ఉంటాయి. చనిపోయిన తమ్ముడి శవం లోపలుండగా బయట అక్క ఆడటం నేను చూశాను. ఆమె మర్చిపోయి ఆడలేదు. దుఃఖం కాళ్లలోకి దిగింది, అంతే. ప్రేమ పోయినప్పుడు కూడా అదే పద్ధతి. మొదటి సగంలో ఒకడు చెప్పుకుంటాడు, రెండో సగంలో నలుగురూ అతనితో పాటు నిలబడతారు. నోటితో చెప్పగలిగే ఓదార్పు అయిపోయాక మిగిలేది పక్కన నిలబడి కదలడమే కదా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పాటల్లో సగం మీకు అసహ్యంగా వినిపిస్తాయి. "నీకు బట్టలు కొన్నాను, మీ వాళ్లకి ఇచ్చాను" అని ఏకరువు పెడుతుంటే ప్రేమలో ఈ లెక్కలేమిటి అనిపిస్తుంది. అక్కడ కట్నం మనకి ఎదురు దిక్కులో నడుస్తుంది, అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి కుటుంబానికి ఇస్తారు. డబ్బు, బట్టలు, ఇంకా వాళ్ల జాబితాలో ఉన్నవి. అది ఇవ్వనిదే పెళ్లి పెళ్లి కాదు. అందుకని ఎంబోంగో, అంటే డబ్బు, అనే మాట అక్కడ పాటల్లో వస్తే అది పిసినారితనం కాదు. నేను పెద్దల ఎదుట నిన్ను భార్యగా అడిగాను, ఇదిగో రుజువు అని చెప్పడం. మీ స్నేహితుడు పాట మధ్యలో లెక్కలు చెప్పే చోట ఎక్కువ ఏడుస్తుంటే ఆశ్చర్యపోకండి. చదువు ఖర్చుల్లో మిగిల్చి ఇంటికి ఏమైనా పంపేవాడేమో ఎవరికి తెలుసు?

ఇంకో డబ్బు కూడా ఉంది. పాట నడుస్తుండగా గాయకుడు వరసగా మనుషుల పేర్లు పిలుస్తుంటాడు. లిబాంగా అంటారు, ఆ మాటకి రాయి అని అర్థం. పేరు పిలిపించుకున్నవాళ్లు డబ్బిస్తారు. అలాగే ఒక స్త్రీ పేరుతో పాట కట్టించమని డబ్బిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆమె ఆ పాట విని తిరిగి వస్తుందన్న ఆశతో కావచ్చు, ఊరంతా వినాలన్న కోపంతో కావచ్చు. దీన్ని వ్యాపారం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కొత్త ఆల్బముల్లో పేర్ల వరస మరీ ఎక్కువై పాటని మింగేస్తున్న మాట నిజం, అది నాకూ బాధే. కానీ గుండె పగిలిన ఒక మామూలు మనిషి తన పేరు ఊరిలో వినబడాలని కూడబెట్టిన డబ్బు ఇవ్వడంలో నాకు తప్పు కనిపించదు.

ఏవి వినాలో కూడా అడిగారు. పైన చెప్పినవి కాక సిమారో లుటుంబాని వినండి. ఓకే జాజ్‌లో గిటారు వాయిస్తూ పాటలు కట్టిన ఈయన్ని కవి అనే పిలిచేవాళ్లు, 2019లో పోయాడు. 1974 నాటి మాబెలె, 1984 నాటి మాయా. మాయా అంటే మన మాయ కాదు, అమ్మాయి పేరు, కానీ తెలుగువాడు వింటే రెండూ కలిసిపోతాయి, నాకు ఇప్పటికీ అంతే. ఈయన ఎవర్నీ గదమాయించడు, సామెతలా ఒక మాట వదిలి ఊరుకుంటాడు. ఎంబిలియా బెల్‌దే ఎస్వీ యో వాపి కూడా వినండి. నీకెక్కడ నొప్పి పుట్టింది అని అసూయపడేవాళ్లని అడిగే పాట, ఎంపెవె యా లోంగోలో కుంగిన గొంతే ఇందులో తలెత్తి నిలబడుతుంది. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే బాగుంటుంది. తర్వాతి తరాల్లో పాపా వెంబా, కోఫీ ఒలోమిదే, ఇప్పటి ఫాలీ ఇపుపా, ఫెరె గోలా ఉన్నారు. మీ స్నేహితుడి వయసువాళ్లు ఎక్కువగా వినేది ఫాలీనీ ఫెరెనే. గొంతులు అందంగా ఉంటాయి, మాటల్లో ఫ్రెంచి ఎక్కువైంది, వాదన తక్కువైంది. బాధ మాత్రం అదే.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. ఇంటికి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడైతే ఈపాటికి వాళ్ల యా, అంటే అన్నో అక్కో, గదికి వచ్చి కూర్చునేవాళ్లు. న్గాండాకి లాక్కెళ్లేవాళ్లు. అతను గోడు చెప్పుకోవడానికి ఇక్కడ ఊరు లేదు, కోరస్ లేదు. ఫోన్లో పాట ఒక్కటే ఉంది. ఆ ఫోనే అతని రచ్చబండ. మీరు బయట నిలబడి చూస్తున్నారు, లోపలికి వెళ్లి కూర్చోండి.

మర్చిపో, ఇంకో అమ్మాయి దొరుకుతుంది అనకండి. పాట పెట్టినప్పుడు ఒక్కో లైనుకి అర్థం చెప్పమని అడగండి. మీకు నేర్పే సాకుతో అతను తన సంగతి చెబుతాడు, పాపా నాకు పాటలు చెబుతూ తన జీవితం మొత్తం చెప్పినట్టు. పాటలో ఎవరి పేరుందో అడగండి. ఆ పేరు చోట తన మనిషి పేరు పెట్టుకుని పాడుతున్నాడేమో అడగండి. డబ్బు లెక్కలు వచ్చినప్పుడు నవ్వకండి. తిండి సరిగ్గా తినకుండా, నిద్రపోకుండా, క్లాసులు మానేసి రోజులు గడుపుతుంటే మాత్రం మీరు ఒక్కరే మోయకండి, కాలేజీలో కౌన్సెలర్ ఉంటే తీసుకెళ్లండి, హైదరాబాద్‌లో చదివే మిగతా కాంగో విద్యార్థులకి కబురు పెట్టండి. వాళ్లు వస్తే కోరస్ దానంతటదే వస్తుంది.

గొడవగా ఉందని పక్క గదివాళ్లు తలుపు కొడితే, పాటని మధ్యలో ఆపనివ్వకండి. సౌండ్ తగ్గించండి, చివరిదాకా నడవనివ్వండి. గిటార్లు మారి అతను లేచినప్పుడు మీరూ లేవండి. అడుగులు రాకపోయినా పర్వాలేదు, నాకు పద్నాలుగేళ్లలో రాలేదు, ఎవరూ ఏమీ అనలేదు. పాట అయ్యాక అతని భుజం మీద చెయ్యి వేసి "కాంగా మొటెమా" అనండి. గుండెని గట్టిగా కట్టుకో అని దాని అర్థం. చావు ఇంటి దగ్గరా, ఇల్లు కూలినచోటా, మొగుడు వదిలేసినచోటా కిన్షాసాలో ఒకరికొకరు చెప్పుకునే మాట అది. మీ నోటి నుంచి ఆ మాట వస్తుందని అతను అనుకుని ఉండడు.